మూడు కార్లు, ఒక పక్క సీటు

మేడ మీది ఇల్లు,
మార్చి 3

లాయరమ్మకి,

నువ్వింకా లాయరువి కాలేదని తెలుసు. కానీ ఐదేళ్ల వయసులో "స్నానం ఎందుకు చేయాలో ఒక్క కారణం చెప్పత్తా" అని నన్ను నిలదీసిన రోజే నీకు ఆ పేరు ఖాయమైపోయింది.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటి అంటావు. ఫోన్లో నేను సగం మాట అనేలోగా మిగతా సగం నువ్వే అని, దాన్ని నువ్వే ఖండించి, నువ్వే గెలుస్తావు. కాగితం మీద నాకు అడ్డుపడలేవు.

నేనొక కారు కొనబోతున్నాను. చిన్నది, చురుకైనది. ఎక్కడికో చేరడానికి కాదు, ఊరికే తిరిగి రావడానికి. డ్రైవింగ్ స్కూలు మూసి నాలుగు నెలలైంది. మోకాలు నొప్పని నీకూ చెప్పాను కదా. పక్క సీటు ముందు నా కాలి కోసం బిగించిన రెండో బ్రేకుతో సహా స్కూలు కారు అమ్మేశాను. అప్పటినుంచి కాలు కాలిన పిల్లిలా ఈ మూడు గదుల్లో తిరుగుతున్నాను. కిటికీ దగ్గర నిలబడితే కింద ఎత్తెక్కే కార్ల శబ్దం వినిపిస్తుంది. రెండో గేరులో ఎక్కాల్సిన చోట నాలుగులో మూలుగుతూ ఎక్కేవాణ్ణి చూస్తే కిటికీలోంచే కేకేయాలనిపిస్తుంది.

మూడు కార్లు మనసులో ఉన్నాయి. పేర్లు నేనే పెట్టాను. ఒకటి కందిరీగ: అయిదు సీట్లు, పొట్టి వెనకభాగం, టర్బో ఇంజను. రెండోది మిడత: రెండే సీట్లు, తీసేయగలిగే పైకప్పు. మూడోది పిడికిలి: ఇరవై ఏళ్ల నాటిది, ఒకాయన అమ్మకానికి పెట్టాడు.

నిన్న కందిరీగని చూసి, మిడత గురించి కూడా అడిగి వచ్చాను. షోరూంలో అమ్మకాలు చూసేది నా పాత శిష్యుడే, ఇప్పుడు బట్టతల. కాలు ఆనించగానే ఒక్క క్షణం ఆలోచించి, ఆ తర్వాత వెనకనుంచి ఎవరో తోసినట్టు దూకుతుంది. సీటు నడుముని గట్టిగా పట్టుకుంటుంది. తలుపు పైన పిడి చేతికి సరిగ్గా అందుతుంది. ఎదురుగా కాగితాలు దాచుకునే అర మూత మెత్తగా పడుతుంది. మంచి కారు. అయినా నాకు స్థిమితం లేదు. నువ్వేమంటావు? మీ నాన్నకి మాత్రం చెప్పకు.

మీ అత్త

•

హాస్టలు, రెండో అంతస్తు,
మార్చి 11

అత్తా,

నాన్నకి నేను చెప్పలేదు. నీ బట్టతల శిష్యుడు చెప్పాడు. వెంటనే నాకు ఫోను. "యాభై ఆరేళ్లొచ్చాక రెండు సీట్ల కారేంటే మీ అత్తకి? ఆ రెండో సీట్లో ఎవరు కూర్చుంటారంట?" "సంచి పెట్టుకుంటుందిలే నాన్నా" అన్నాను. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు నాకు ఓ ప్రశంసాపత్రంలా వినిపించింది.

ఇక విషయానికి వస్తాను. నీ ఉత్తరంలో మౌలికమైన లోపం ఒకటుంది. ఆనందం కోసం కారు కొంటున్నానన్నావు కానీ ఆనందమంటే ఏమిటో నిర్వచించలేదు. నిర్వచనం లేని చోట ఎంపిక ఉండదు, ఊగిసలాటే ఉంటుంది. వేగం ఆనందం కాదు. వేగం ఒక అంకె. తన బలంలో మూడో వంతు వాడకముందే చట్టం అడ్డొచ్చే కారు, తాళం వేసిన పుస్తకాల బీరువాతో సమానం: ఉందన్న గర్వమే తప్ప చదివిన సుఖం ఉండదు. తక్కువ బలమున్న తేలికైన కారుని మొత్తంగా వాడుకోవచ్చు. ప్రతి గేరూ ఒక నిర్ణయం, ప్రతి మలుపూ ఒక సమాధానం. నేను కోరే ఆనందం అది.

కందిరీగకి అయిదు సీట్లున్నాయని గుణంలా రాశావు. అది దాని ప్రధాన దోషం. అయిదుగురికి చోటున్న కారులో అయిదుగురూ ఎక్కుతారు. మొదట ఎక్కేది నాన్న.

కాబట్టి చూడకుండానే నా ఓటు మిడతకి. చూడని దాన్ని సమర్థించడం నాకు అలవాటైన పనే.

నెలాఖరున కళాశాలల వాదపోటీ ఫైనలు. నేనూ, పక్క గదిలో ఉండే మా పొట్టీ జోడీ. పొట్టి నెమ్మదిగా మాట్లాడుతుంది, నేను వేగంగా. అవతలివాళ్లకి ఊపిరాడదు చూడు.

నీ లాయరమ్మ

•

మేడ మీది ఇల్లు,
ఏప్రిల్ 2

లాయరమ్మా,

నీ మిడత మొన్న ఎక్కాను. చెప్తాను విను, అడ్డుపడకుండా.

అది కారు కాదు, చక్రాలు బిగించిన గంప. మోకాళ్లు ఎదుటి అర మూతకి తగిలాయి. పట్టుకోవడానికి పిడి అన్నదే లేదు. మలుపు తిరిగినప్పుడల్లా నా భుజం తలుపుకి కొట్టుకుంది. జుట్టంతా నోట్లోకొచ్చింది. అరికాళ్ల కింద నేల గరగరలాడుతుంటే రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిచినట్టే ఉంది. బట్టతల మాత్రం చిన్నపిల్లాడిలా నవ్వుతూనే ఉన్నాడు. "ఏముందిరా ఇందులో అంత నవ్వడానికి?" అంటే, "ఏమో మేడమ్, వచ్చేస్తోంది" అన్నాడు. వాడికి ఒళ్లు మరిచి నవ్వే స్వభావం లేదు. నా దగ్గర నేర్చుకున్నప్పుడు మొహం వాల్చుకునే ఉండేవాడు.

చేత్తో గేర్లు మార్చే మిడత ఇదే ఆఖరిదట. ఇకమీదట వచ్చేవి వాటంతటవే మార్చుకుంటాయట. జూన్ ముప్పై దాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపుతానన్నాడు. ఈ వారంలో షోరూంకి అయిదుసార్లు నడిచి వెళ్లాను. అంత ఎత్తు రోడ్డు! వెళ్లి, దాని చుట్టూ ప్రదక్షిణలా తిరిగి, వాళ్లిచ్చిన కాఫీ తాగి వచ్చేస్తాను. ఎందుకు వెళ్తున్నానో నాకే తెలియదు.

నీ ఫైనలు ఏమైంది? గెలిచుంటే ఈపాటికి వీధంతా వినపడేది.

మీ అత్త

•

హాస్టలు,
ఏప్రిల్ 12

అత్తా,

నీ అభ్యంతరాలన్నీ చదివాను. మోకాళ్లు, పిడి, భుజం, జుట్టు: ఇవన్నీ సుఖానికి సంబంధించిన ఫిర్యాదులు, ఆనందానికి సంబంధించినవి కావు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి మిడతకి శిక్ష వేయడం న్యాయం కాదు. సుఖం కావాలంటే సోఫా కొనుక్కో. నీ ఉత్తరంలో మిడతకి అనుకూలమైన సాక్ష్యం ఒక్కటే ఉంది, బట్టతల నవ్వు. దానికి నువ్వు బదులు చెప్పలేకపోయావు.

ఫైనలు గురించి చెప్పుకోదగ్గదేమీ లేదు. పిడికిలి సంగతి రాయి.

నీ లాయరమ్మ

•

మేడ మీది ఇల్లు,
ఏప్రిల్ 28

లాయరమ్మా,

ఇంత చిన్న ఉత్తరం నువ్వు పుట్టి బుద్ధెరిగాక రాయలేదు. సరే, అడగను.

పిడికిలి గడియారాలు బాగుచేసే ఒకాయనది. ఆయన దుకాణం గోడల నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తోంది. "ఏది సరైందండీ?" అంటే "అది కొనేవాళ్ల ఇష్టం" అన్నాడు. మాట తక్కువ మనిషి. కారూ అంతే. ఇంజను మన వీపు వెనకే ఉంటుంది, ఎవరో పళ్లు నూరుతున్నట్టు. స్టీరింగ్ తిప్పడానికి ఏ మోటారు సాయమూ లేదు. మలుపుల్లో ఆయన ముంజేతి నరాలు ఉబ్బడం చూశాను. గేరు మార్చినప్పుడల్లా ఆయన మోచెయ్యి నా మోచేతికి తగిలింది. ఇద్దరం క్షమించమనుకుంటూనే ఊరు చుట్టొచ్చాం.

ఇంటికొచ్చి పాత క్యాలెండరు కాగితం వెనక మూడు గడులు గీశాను. మంచి, చెడు రాశాను. కొట్టేశాను. మళ్లీ రాశాను. కందిరీగకే ఎక్కువ మార్కులొస్తున్నాయి. అయినా దాని పేరు పలకగానే ఉత్సాహం చల్లారిపోతోంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికెళ్లాలో తెలియదు. కొట్లో సరుకులు తీసుకుని వస్తూ నిన్న మన వీధి దాటి రెండు వీధులు ముందుకెళ్లిపోయాను.

తేల్చి చెప్పవే. నీకు తెలియనిదంటూ ఉండదు కదా.

మీ అత్త

•

హాస్టలు,
మే 6

అత్తా,

తేల్చి చెప్తాను. కానీ ముందు కొన్ని ప్రశ్నలు. నీ మూడు ఉత్తరాలూ ఇప్పుడు నా బల్ల మీద పరిచి ఉన్నాయి.

కందిరీగలో నీ చేయి తలుపు పైన పిడి మీద ఉంది. మిడతలో నీ మోకాళ్లు ఎదుటి అర మూతకి తగిలాయి. పిడికిలిలో నరాలు ఉబ్బింది గడియారాలాయన ముంజేతికి. అర మూత స్టీరింగ్ వెనక ఉండదు. ఇరవై ఎనిమిదేళ్లు ఊరందరికీ కారు నేర్పిన మనిషి మూడు కార్లు పరీక్షించి, క్లచ్ బరువుందో తేలికగా ఉందో ఒక్క మాట రాయలేదు. బ్రేకు ఎంత లోతులో పట్టిందో రాయలేదు. అత్తా, మూడు ఉత్తరాలు, మూడు కార్లు. వాటిల్లో నీ రెండు చేతులూ ఎక్కడున్నాయి?

నా వాదన ఇది. ఈ మూడింట్లో ఏ ఒక్కదాన్నీ నువ్వు నడపలేదు. మూడింట్లోనూ పక్క సీట్లోనే కూర్చున్నావు.

ఇంకొకటి. మోకాలు నొప్పితో స్కూలు మూసిన మనిషి, వారంలో అయిదుసార్లు ఎత్తు రోడ్డెక్కి షోరూంకి నడవదు. కాబట్టి మోకాలు కూడా సాక్ష్యానికి నిలవదు. అసలు కారణం ఏమిటో చెప్పు.

నీ లాయరమ్మ

•

మేడ మీది ఇల్లు,
మే 12

చదువుకునే అమ్మాయికి,

నేను కారు గురించి అడిగాను. నా గురించి కాదు. మనుషుల్ని బల్ల మీద పరిచి చదవడం ఏ కాలేజీలో నేర్పుతున్నారో కానీ, అదేమంత గొప్ప చదువు కాదు. నీ ఫైనలు ఏమైందని నేను గుచ్చి గుచ్చి అడిగానా?

ఇక ఉత్తరాలు అక్కర్లేదు.

అత్త

•

హాస్టలు,
మే 19

అత్తా,

అక్కర్లేదన్నావు. రాస్తున్నాను. ఈసారి వాదించడానికి కాదు.

ఫైనలు ఓడిపోయాం. ఓడింది నా వల్ల. ఆఖరి వంతు పొట్టిది. మూడు నిమిషాలు మాట్లాడింది, సభ అంతా తన వెంటే ఉంది. ఒక వాక్యం మధ్యలో ఆగింది. ఒక్క క్షణం, రెండు క్షణాలు. మరిచిపోయిందనుకున్నాను. లేచి నిలబడి ఆ వాక్యాన్ని నేను పూర్తి చేశాను. జోడీకిచ్చిన సమయంలో రెండోవాళ్లు మాట్లాడటం నిబంధనలకి విరుద్ధం. మార్కులు కోశారు, పోయింది.

ఆమె మరిచిపోలేదు అత్తా. కావాలనే ఆగింది, సభ ఊపిరి బిగబట్టాలని. అది నాకు లేచిన మరుక్షణమే ఆమె మొహం చూసి అర్థమైంది. అర్థమయ్యాక కూడా బయటికొచ్చి అందరితో "పాపం, తడబడింది, నేను ఆదుకోబోయాను" అన్నాను. ఆ మాట ఆమె చెవిన పడింది. ఏడువారాలుగా పక్క గదిలో ఉంటూ నాతో మాట్లాడటం లేదు.

దేనికైనా ఒంటికాలి మీద లేస్తానని మీరంతా ముచ్చటపడేవారు. లేచిన ఆ కాలిని ఎక్కడ దించాలో నాకిప్పుడు తెలియడం లేదు. నిన్ను నిలదీసినందుకు క్షమించు. నీ కారణం నీ దగ్గరే ఉంచుకో.

నీ మేనకోడలు

•

మేడ మీది ఇల్లు,
జూన్ 3

అమ్మా,

నీ ఉత్తరం చదివాక ఇంకా దాచుకుని కూర్చోవడం నాకు సిగ్గుగా ఉంది.

పోయిన నవంబరు సంగతి. బ్యాంకులో పనిచేసే ఒకావిడ, నలభై రెండేళ్లు, భయస్థురాలు. ఇరవై పాఠాల కోర్సులో అది పదహారోది. నాలుగు రోడ్ల కూడలిలో కుడికి తిరుగుతోంది. అద్దం చూసింది, సిగ్నలు వేసింది, రెండో గేరులో అందంగా తిప్పుతోంది. రోడ్డు ఖాళీ. నా కాలు బ్రేకు తొక్కేసింది. ఎందుకు తొక్కిందో ఇవాళ్టికీ చెప్పలేను. నేను తొక్కలేదు, అదే తొక్కింది. వెనకొచ్చే వ్యాను మా డిక్కీని గుద్దింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆవిడ మాత్రం స్టీరింగ్ వదలకుండా ఏడుస్తూ, "నేనేం తప్పు చేశాను మేడమ్?" అంది.

నేను ఏమన్నానో తెలుసా? "చూసుకోవాలి కదమ్మా" అన్నాను.

ఆవిడ మళ్లీ రాలేదు. వారం తిరక్కుండా స్కూలు మూసేశాను. మోకాలు నొప్పన్నాను. ఇరవై ఎనిమిదేళ్లు నేను చేసిన పని నడపడం కాదే, ఆపడం. ఆ ఒక్క పనిలోనే నా కాలు తప్పింది. ఆ తర్వాత స్టీరింగ్ వెనక కూర్చుంటే, ఈ కాలు ఎప్పుడు ఏం చేస్తుందో అని చెమటలు పడతాయి. షోరూంలో బట్టతల తాళం నా చేతికే ఇవ్వబోయాడు. "నువ్వు ఎంత మరిచిపోయావో చూస్తాను, నడుపు" అని పక్క సీటెక్కాను. వాడు నమ్మాడు. గడియారాలాయనకీ ఇలాంటిదే ఏదో చెప్పాను.

పిడికిలి పోయింది. మొన్న వెళ్లేసరికి ఆ చోట నూనె మరక మాత్రమే ఉంది. "ఆలోచించుకుంటానన్నారు, నెల చూశానండీ" అన్నాడాయన. తప్పు ఆయనది కాదు. మిడతకి ఇంకా ఇరవై ఏడు రోజులు. అది కూడా పోతే ఇక నేను ఏ కారూ కొనను, నాకు తెలుసు. ఈ కిటికీ దగ్గరే నిలబడి కిందవాళ్ల గేర్లు దిద్దుకుంటూ ఉండిపోతాను.

మీ అత్త

•

హాస్టలు,
జూన్ 9

అత్తా,

ఇరవయ్యో తేదీ ఉదయం బస్సుకి వస్తున్నాను. షోరూంకి ఇద్దరం వెళ్దాం. స్టీరింగ్ వెనక నువ్వు, పక్కన నేను. నాకు డ్రైవింగ్ రాదు కాబట్టి, తాళం నా చేతిలో పెట్టి తప్పించుకునే దారి నీకు లేదు. నేను నోరు మెదపను. ఒక్క మాట కూడా అనను. ఒట్టు.

పొట్టి తలుపు తట్టాను. తీసింది. "వాదించడానికైతే వెళ్లిపో" అంది. వాదించలేదు. ఆగింది కావాలనే అని, నాకు ఆ క్షణమే తెలుసని, అందరికీ అబద్ధం చెప్పానని చెప్పాను. విన్నది. "అదే మాట వాళ్లందరికీ చెప్పు" అని తలుపు వేసేసింది. నిన్న భోజనాల గదిలో బల్ల దగ్గర నిలబడి చెప్పాను. ఇన్ని సభల్లో మాట్లాడాను కానీ ఇంత చిన్న ప్రసంగం ఎప్పుడూ చేయలేదు. పొట్టి తల ఎత్తి చూసింది, మళ్లీ తినడంలో పడింది. తీర్పు ఇంకా రాలేదు.

నీ మేనకోడలు

•

మిడతలో, బ్యాంకు ఎదుట,
జూలై 4

లాయరమ్మా,

ఈ అక్షరాలు వంకరగా ఉన్నాయంటే, కాగితం స్టీరింగ్ మీద ఆనించి రాస్తున్నాను కాబట్టి.

నువ్వు వచ్చిన రోజు సంగతి నువ్వు చూసిందే. కానీ నువ్వు చూడనిది ఒకటుంది. కొండ దారి మూడో మలుపులో నీ కుడికాలు నేలని గట్టిగా తొక్కింది. నేను ఇరవై ఎనిమిదేళ్లు తొక్కిన చోటే. అక్కడ బ్రేకు లేదు. కారు తన పాటికి తాను తిరిగింది. నువ్వు ఒట్టు నిలబెట్టుకుని నోరు మెదపలేదు కానీ, నీ కాలు మాత్రం అరిచింది. అది చూసి నాకు నవ్వొచ్చింది. బట్టతల నవ్వు ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ సీట్లో చక్రాల గంప అనిపించింది, ఈ సీట్లో నా ఒళ్లే అనిపిస్తోంది. క్లచ్ తేలిక. బ్రేకు మొదటి అంగుళంలోనే పడుతుంది. స్టీరింగ్‌లోంచి కంకర రాళ్లు ఒక్కొక్కటీ చేతికి తెలుస్తాయి. మూడో గేరు నుంచి రెండుకి దిగేటప్పుడు చిటిక వేసినట్టుంటుంది. కావాలన్నావుగా, రాశాను.

ముప్పయ్యో తేదీన ఒక్కదాన్నే వెళ్లి తెచ్చుకున్నాను. మర్నాడు కొండ దారంతా ఒంటరిగా ఎక్కాను. నాలుగో మలుపులో కాలు లేచింది, ఏ కారణమూ లేకుండా. దాన్ని చూస్తూ ఊరుకున్నాను. అదే దిగింది.

ఆ తర్వాత నేరుగా బ్యాంకుకి వెళ్లాను. ఆవిడ అద్దం వెనక కూర్చుని ఉంది. వరసలో నిలబడి, నా వంతు రాగానే చెప్పేశాను: "ఆ రోజు మీ తప్పు లేదమ్మా. బ్రేకు తొక్కింది నేను." ఆవిడ పెన్ను కింద పెట్టింది. "ఎనిమిది నెలలు, రోజూ రెండు బస్సులు మారి వస్తున్నానండీ. మా ఆయన నవ్వుతాడు. నాకు చేతకాదనుకున్నాను" అంది. వెనక వరసలోవాళ్లు సణుగుతున్నారు. ఆవిడ పెన్ను మళ్లీ తీసుకుని, "నాకింకా నాలుగు పాఠాలున్నాయి" అంది.

"స్కూలు కారు లేదమ్మా. నా దగ్గరున్న దాంట్లో రెండో బ్రేకు లేదు."

"అందుకే అడుగుతున్నా."

మీ నాన్నకి చెప్పు, రెండో సీట్లో ఎవరు కూర్చుంటారో తేలిపోయింది. నేనే కూర్చుంటాను, వారానికి ఒక గంట. కొండ ఎక్కేటప్పుడు నేను నడుపుతాను, దిగేటప్పుడు ఆవిడ. పిడి లేదు, మోకాళ్లు అర మూతకి కొట్టుకుంటాయి, తెలుసు. నా కాలు నేలని తొక్కుతుంది, అదీ తెలుసు.

పొట్టి తీర్పు ఏమైందో రాయి.

బ్యాంకు మెట్ల మీద ఆవిడ కనిపిస్తోంది. చెప్పులు మార్చుకుని వచ్చింది, మడమ లేనివి, నేను మొదటి పాఠంలో చెప్పినట్టు. ఈ కారులో ఇవాళ నేను ఆపగలిగింది ఈ ఉత్తరం ఒక్కటే. ఆపుతున్నాను.

మీ అత్త